హైమవతి గారు ముగ్గురు

మా బావమరిది వీర్రాజుకి నిద్ర పట్టక ఇరవై ఆరు రోజులైన నాడు మా జిల్లా ఆసుపత్రిలో రోగులకు స్వేచ్ఛ వచ్చింది. ఈ రెండు సంగతులకీ ఏ సంబంధమూ లేదు. మేం సరిగ్గా ఆ రోజే వెళ్లాం కాబట్టి సంబంధం కలిసింది.

వీర్రాజు ఆర్టీసీలో డ్రైవరు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో కోడిపిల్లని కూడా తొక్కించని మనిషి. ఇరవై ఆరు రోజుల కిందట పడమటి కాలవ గట్టు మీద వీడి బస్సుకి ఒక గేదె దూడ అడ్డం వచ్చింది. బ్రేకు వేశాడు. బస్సు ఆగింది. దూడ తోక ఊపుకుంటూ గట్టు దిగిపోయింది. బస్సులో ఒక ముసలమ్మ బుట్టలో వంకాయలు దొర్లిపోవడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి వీడికి కన్ను మూతపడదు. పడుకుని కళ్లు మూసుకోగానే కుడికాలు దానంతట అదే బ్రేకు తొక్కేస్తుంది. అలా తొక్కి తొక్కి మంచం పట్టె విరగ్గొట్టాడు. వాళ్లావిడ మంగతాయారు పక్క తీసుకుని వంటింట్లోకి మారిపోయింది.

చివరికి వీడే డిపో మేనేజరు దగ్గరికి వెళ్లి, నిద్రలేని మనిషి చేతికి యాభై మంది ప్రాణాలు ఇవ్వొద్దని చెప్పి స్టీరింగు వదిలేసి వచ్చాడు. మేనేజరు వీణ్ణి మెచ్చుకున్నాడు. పెద్దాసుపత్రి మానసిక వైద్యుల నుంచి రెండు నెలల్లో ఉత్తరం తెస్తే బస్సు మళ్లీ ఇస్తాననీ, తేకపోతే టైర్ల షెడ్డుకి మార్చక తప్పదనీ కూడా చెప్పాడు. బస్సు నడపని వీర్రాజుని నేను ఊహించలేను. వాడికి ఇంట్లో కుర్చీ కూడా కిటికీ పక్కనే ఉండాలి, అదీ కుడివైపు.

నేను హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. మనసు మీద నాకు నాలుగు పద్యాలు వచ్చు గాని వైద్యం రాదు. అయినా అక్క మొగుణ్ణి కాబట్టి సెలవు పెట్టి వెంట వెళ్లాను.

గేటు దగ్గరే పూలదండలు కట్టిన బట్ట వేలాడుతోంది. "మీ వైద్యుని మీరే ఎంచుకోండి. ఎంపిక మీ జన్మహక్కు." ఆసుపత్రిలో ప్రతి విభాగంలోనూ రోగి ముందు కనీసం మూడు ఎంపికలు ఉంచాలనీ, రోగి తన వైద్యుణ్ణి తానే కోరుకోవాలనీ పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. సూపరింటెండెంటు కూర్మారావు గారు ఉత్తర్వులంటే ప్రాణం పెట్టే మనిషి. మనసు బాగుంటే ఒళ్లు దానంతట అదే బాగుంటుంది కాబట్టి మానసిక విభాగంతోనే ప్రారంభిద్దామని ఆయన నిశ్చయించారు.

మానసిక విభాగంలో ఉన్నది ఒక్క డాక్టరు. పేరు హైమవతి గారు. పదకొండేళ్లుగా ఆవిడ ఒక్కరే. ఇంకో ఇద్దర్ని ఇమ్మని కూర్మారావు గారు పైకి రాశారు. పోస్టులు లేవనీ, ఉత్తర్వు మాత్రం వెంటనే అమలు చేయాలనీ జవాబు వచ్చింది. ఆయన వెంటనే అమలు చేశారు.

పద్నాలుగో నంబరు గది తలుపు మీద మూడు బోర్డులు కొట్టించారు. మొదటిది డాక్టర్ కె. హైమవతి. రెండోది డాక్టర్ హైమవతి కె. మూడోది డాక్టర్ శ్రీమతి హైమవతి. ఒక్కో బోర్డు కిందా ఒక్కో ఫొటో. మొదటిది ఉద్యోగంలో చేరిన రోజున తీసినది, ఎవరినో తిట్టబోతున్నట్టుగా ఉంది. రెండోదాంట్లో కళ్లజోడు ఉంది. మూడోదాంట్లో ఎవరి పెళ్లిలోనో కాబోలు, చక్కగా నవ్వుతున్నారు.

కూర్మారావు గారు అక్కడే నిలబడి రిబ్బను కత్తిరించడానికి సిద్ధంగా ఉన్నారు. పండితుణ్ణి కదా, నోరు ఊరుకోదు. ముగ్గురూ ఒకరే కదండీ అని అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూశారు.

"మేష్టారూ, వ్యక్తి ఒకరే కావచ్చు. ఎంపికలు మూడు. సదరు ఉత్తర్వులో మూడు ఎంపికలు ఉండాలన్నారు గాని, ముగ్గురు మనుషులు ఉండాలని ఎక్కడా సెలవివ్వలేదు."

ముగ్గురికీ పదకొండేసి ఏళ్ల అనుభవం ఉంది కాబట్టి విభాగం మొత్తం అనుభవం ముప్పై మూడేళ్లని కరపత్రంలో అచ్చు వేయించారు. ఆ కరపత్రం చేతిలో పెట్టి, తొందరపడి ఎంచుకోకుండా ఇంటికి వెళ్లి ఆలోచించుకోవడానికి వారం గడువు ఇచ్చారు. కొత్త రోగులు గడువు తీరకుండా వస్తే లోపలికి రానివ్వరట, పాత రోగులకి మాత్రం గడువు లేదు. వారం రోజులూ వీర్రాజు కరపత్రం ముందు పెట్టుకుని మూడు ఫొటోలూ మార్చి మార్చి చూశాడు. నిద్ర ఎలాగూ లేదు కాబట్టి ఆలోచనకి కావలసినంత తీరిక దొరికింది.

వారం తర్వాత వెళ్తే వరండా అంతా మూడు తాళ్లు కట్టి మూడు లైన్లు చేశారు. మూడూ వెళ్లి కలిసేది ఆ ఒక్క తలుపు దగ్గరే. మూడో లైను క్యాంటీను దాకా సాగింది. రెండో లైన్లో నలుగురున్నారు, నలుగురూ చదువుకున్న వాళ్లలా ఉన్నారు. ఒకటో లైన్లో తాడు తప్ప ఎవరూ లేరు. ఇంతలోనే జనానికి అభిప్రాయాలు ఏర్పడిపోయాయి. ముంగండ నుంచి వచ్చిన ఒకావిడ నాతో రహస్యంగా చెప్పింది.

"మూడో డాక్టరమ్మకే చూపించుకోండి బాబూ. బాగా నవ్వుతారు. ఒకటో ఆవిడ మా తోడికోడల్ని కసిరేశారంట. ముగ్గురూ అప్పచెల్లెళ్లేనంట గాని, గుణాలు కలవాలా ఏంటి?"

తప్పు ఆవిడది కాదు. ఫొటోకీ మనిషికీ తేడా వస్తే రోగిని మోసగించినట్టవుతుందని కూర్మారావు గారు ఒక సర్క్యులరు తీశారు. దాని ప్రకారం ఒకటో లైను మనిషి వస్తే హైమవతి గారు ముఖం గంటు పెట్టుకోవాలి. రెండో లైను వస్తే కళ్లజోడు తగిలించుకోవాలి. మూడో లైను వస్తే కళ్లజోడు తీసేసి నవ్వాలి. కళ్లజోడు లేకపోతే ఆవిడకి చీటీ మీద అక్షరం కనబడదు. అందువల్ల మూడో లైను వాళ్లకి మందులు కాస్త అటూ ఇటూగా రాసి, తర్వాత రెండో హైమవతిగా మారి సరిదిద్దుకునేవారు. మూడో హైమవతి గారి రాతను రెండో హైమవతి గారు దిద్దడం ఏ నిబంధన కిందకి వస్తుందో తేల్చడానికి ఒక కమిటీ కూడా వేశారు.

వీర్రాజు డ్రైవరు బుద్ధి కదా, ఖాళీగా ఉన్న రోడ్డు చూసి ఒకటో లైన్లోకి తిప్పాడు. అటెండరు ఆపేశాడు. ఒకటో హైమవతి గారిని వారం రోజుల్లో ఒక్క రోగి కూడా ఎంచుకోనందువల్ల ఆవిడకి మెమో ఇచ్చారట. సంజాయిషీ వచ్చేదాకా ఆవిడ రోగుల్ని చూడరాదు. ఆ మెమో నోటీసు బోర్డు మీద నేనే చదివాను. "మూడవ హైమవతి గారిని ఆదర్శంగా తీసుకుని మీ నడవడిక మార్చుకొనవలసినదిగా ఇందుమూలంగా హెచ్చరించడమైనది." పక్కనే ఇంకో కాగితం ఉంది. అందులో మూడవ హైమవతి గారికి నెల ఉత్తమ వైద్యురాలిగా ప్రశంసాపత్రం.

చేసేది లేక మూడో లైన్లో నిలబడ్డాం. తొమ్మిది రోజుల తర్వాతి తేదీకి చీటీ ఇచ్చారు. ఇంటికి వచ్చే దారిలో వీర్రాజు బస్సులో నా పక్కన కూర్చుని, ముందు డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా తనూ కాలు నొక్కుతున్నాడు. ఏదో ఒకటి అని నవ్వించబోయాను గాని వాడు నవ్వలేదు.

తొమ్మిదో రోజుకి స్వేచ్ఛ ఇంకొంచెం పెరిగింది. మతి స్థిమితం లేని వాళ్లు చేసిన ఎంపిక చెల్లుతుందా అని పైనుంచి ఒక ప్రశ్న వచ్చిందట. కూర్మారావు గారు కంగారు పడలేదు. చట్టబద్ధమైన పత్రం ఒకటి తయారు చేయించారు. తయారు చేసింది గున్నేశ్వర్రావు గారు. ఈయన నలభై ఏళ్లు రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద కూర్చుని జిల్లాలో సగం పొలాలకి దస్తావేజులు రాసిన లేఖరి. ఆయనకి మనసైనా మాగాణి అయినా రాత ఒకటే. ఆసుపత్రి వరండాలో బల్ల వేసుకుని, వచ్చిన వాళ్లందరికీ రాసి పెడుతున్నారు. వీర్రాజుది గొంతు సవరించుకుని చదివి వినిపించారు.

"డాక్టరు శ్రీమతి హైమవతి గారికి, వీర్రాజు అను నేను స్వస్థచిత్తంతో, పూర్తి ఇష్టపూర్వకంగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా వ్రాయించి యిచ్చిన మనోవైద్య ఎంపిక పత్రం. ఏమనగా, నా స్వాధీనంలో ఉన్న ఈ దిగువ హద్దులు గల మనస్సును నేటి తేదీన మీకు స్వాధీనపరచినాను. గనుక ఇది మొదలు మీరు దానిని పుత్రపౌత్ర పారంపర్యంగా సర్వహక్కులతో అనుభవించగలవారు."

నాకు దగ్గు వచ్చింది. వీర్రాజు మాత్రం భక్తిగా విన్నాడు. గున్నేశ్వర్రావు గారు కలం ముంచి, హద్దులు చెప్పమన్నారు. మనసుకి హద్దులేమిటండీ అని నేను అడ్డుపడ్డాను. హద్దులు లేని ఆస్తి ఏ ఆఫీసులోనూ చెల్లదని ఆయన తేల్చేశారు.

వీర్రాజు వరండా స్తంభానికి ఆనుకుని నిజంగానే ఆలోచించాడు. తూర్పున డిపో అన్నాడు. దక్షిణాన మంగతాయారు అన్నాడు. ఉత్తరాన ఏమీ లేదు, ఖాళీయే అన్నాడు. గున్నేశ్వర్రావు గారు ఖాళీ స్థలం అని రాసుకున్నారు. పడమర దగ్గరికొచ్చేసరికి వాడి కుడికాలు నేలని ఒకసారి నొక్కింది.

"పడమర దూడండి," అన్నాడు చివరికి.

ఆయన తల ఎత్తకుండా "దూడ" అని రాసి, సిరా ఆరడానికి ఇసుక చల్లే అలవాటు కొద్దీ కాగితాన్ని ఊదారు. పత్రం పట్టుకుని ఎంపికలు నమోదు చేసే కిటికీ దగ్గరికి వెళ్లాం. కిటికీలో ఆదిలక్ష్మి అనే గుమస్తా ఉంది, నెమ్మదస్తురాలు. పత్రం అంతా చదివి, స్వస్థచిత్తంతో అని రాశారు కదా, దానికి ధ్రువపత్రం ఏదండీ అంది. ఎవరిస్తారని అడిగాను. మానసిక వైద్యులు ఇవ్వాలంది. వారిని కలవాలంటే ఏం చేయాలన్నాను. ముందు ఎంచుకోవాలంది. ఎంచుకోవాలంటే? స్వస్థచిత్తం ఉండాలి కదండీ అంది. ఆ అమ్మాయి ఇదంతా ఎంత మర్యాదగా చెప్పిందంటే నాకు కోపం కూడా రాలేదు. వెనక నలభై మంది పత్రాలు పట్టుకుని నిలబడ్డారు. పొద్దుటి నుంచి ఒక్కరి ఎంపికా చెల్లలేదట.

వీర్రాజు బయట మెట్ల మీద కూలబడ్డాడు. పోనీ బావా, టైర్ల షెడ్డుకే పోతాను, అక్కడ కళ్లు తెరుచుకుని ఉన్నా నష్టం లేదు అన్నాడు. ఆ మాటకి నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు వ్యాకరణం గుర్తొస్తుంది. నేరుగా కూర్మారావు గారి గదికి వెళ్లాను.

రోగి వేరు, దరఖాస్తుదారు వేరు కదండీ అని అడిగాను. ఆయన వేరేనన్నారు. ధ్రువపత్రం కోరే మనిషి రోగా, దరఖాస్తుదారా అన్నాను. సందేహమేముంది, దరఖాస్తుదారే అన్నారు. అయితే రోగుల్ని చూడరాదని మెమో ఉన్న ఒకటో హైమవతి గారు దరఖాస్తుదార్లను చూడొచ్చు కదా అన్నాను. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆ ముఖంలో ఉత్తర్వు పుట్టడం నేను కళ్లారా చూశాను.

"అద్భుతం మేష్టారూ. ఒకటవ హైమవతి గారి సేవలు ఇంతవరకు నిరుపయోగంగా ఉన్నాయి. తదుపరి ధ్రువపత్రాల బాధ్యత యావత్తూ వారికే దఖలు పరుస్తున్నాను."

అలా వీర్రాజు పద్నాలుగో గదిలోకి అడుగు పెట్టాడు. సాక్షి సంతకం కావాలి కాబట్టి నన్నూ రానిచ్చారు. హైమవతి గారు సర్క్యులరు ప్రకారం ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నారు.

"ఈ గంటలో నేను నవ్వకూడదు, ఏమీ అనుకోకండి," అన్నారు. నేను ఉండడం వీర్రాజుకి ఇష్టమేనా అని వాణ్ణి అడిగారు. వాడు తలూపాడు.

ఎంపిక పత్రం తెరిచి, పుత్రపౌత్ర పారంపర్యం దగ్గర పెదవి బిగబట్టి, హద్దుల దాకా చదివారు. ఆ గంటు ముఖంలో ఏదో మెత్తబడింది.

"పడమటి హద్దు గురించి చెప్పండి."

పద్దెనిమిదేళ్లుగా నాకు తెలిసిన మనిషి ఆ రోజు మొదటిసారి ఒక సంగతి చెప్పాడు. దూడ అడ్డం రావడం వాడు చూడలేదట. అంతకు ముందు రోజు రెండు డ్యూటీలు చేశాడు. గట్టు మీద చల్లగాలికి రెప్ప పడింది. అర నిమిషం కూడా కాదు, ఒక్క రెప్పపాటు. తెరిచేసరికి ఎదురుగా దూడ. బ్రేకు పడింది. ఒక్క క్షణం ఆలస్యమైతే గట్టు కింద కాలవ. అందరూ శెభాష్ వీర్రాజూ అని భుజం తట్టారు. డిపోలో అగ్గిపెట్టె కంటే పెద్ద స్వీటు ముక్క కూడా పెట్టారట. ఎవరికీ చెప్పలేకపోయాడు.

"కళ్లు మూస్తే యాభై మంది పోతారని భయమండి," అన్నాడు, చేతులు ఒళ్లో పెట్టుకుని.

నేను కిటికీ వైపు తిరిగాను. హైమవతి గారు తొందర పడలేదు. వాడు ముక్కు తుడుచుకునేదాకా ఆగి, మీ మతికి ఏ లోపమూ లేదు, ధ్రువపత్రం ఇప్పుడే రాసేయగలను అన్నారు. రాస్తే మీరు వెళ్లి మూడో లైన్లో నిలబడాలి, మళ్లీ నా దగ్గరికి రావడానికి నెల పడుతుంది. అందుకని ఈ ధ్రువపత్రం నేను చాలా నిదానంగా రాస్తాను అన్నారు. వారానికి రెండుసార్లు దరఖాస్తుదారు రావాలి. పరిశీలన నిమిత్తం రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. డిపో మేనేజరుతో నిజం చెప్పాలి. కుడికాలు కదపకుండా ఒక గంట నిద్రపోయిన రోజున నాకు తెలియజేస్తే, అప్పుడు డిపోకి ఉత్తరం మొదలుపెడదాం.

వీర్రాజు మేనేజరుకి నిజం చెప్పాడు. మేనేజరు, బస్సు నడిపిన రోజుల్లో తనకి కూడా ఒకసారి రెప్ప పడిందని చెప్పాడట. ఆ తర్వాత వరసగా రెండు డ్యూటీలు వేయడం డిపోలో మానేశారు. వీడికి ముక్కలు ముక్కలుగా గంటో గంటన్నరో నిద్ర రావడం మొదలైంది. కానీ కాలు మాత్రం తొక్కుతూనే ఉంది. మంగతాయారు ఇంకా వంటింట్లోంచి తిరిగి రాలేదు.

ఈలోగా మిగతా నలభై మంది కూడా దరఖాస్తుదార్లయిపోయారు. మూడు లైన్లలోనూ మనుషులు లేరు, ధ్రువపత్రాల లైను మాత్రం గేటు దాటింది. ఒకటో హైమవతి గారు అందరికీ నిదానంగానే రాస్తున్నారు. నెలాఖరు లెక్కలో పత్రంతో చెల్లిన ఎంపికలు సున్నా అని తేలడంతో కూర్మారావు గారికి గుబులు పట్టింది. పైనుంచి పెద్ద అధికారి వస్తున్నారు. ఎవరో ఒకరు ఆయన ఎదుట ఎంచుకుని తీరాలి. కూర్మారావు గారు బతిమాలగా బతిమాలగా హైమవతి గారు వీర్రాజు ధ్రువపత్రం మీద సంతకం పెట్టారు. జిల్లా మొత్తానికి స్వస్థచిత్తుడని కాగితం ఉన్న ఏకైక పౌరుడు మా వీర్రాజే. ఆ కాగితం నాకు కూడా లేదు.

ఎంపిక దినోత్సవం పదకొండు గంటలకి ఆసుపత్రి ఆవరణలో జరిగింది. షామియానా వేశారు. వేదిక మీద పెద్ద అధికారి, కూర్మారావు గారు, గున్నేశ్వర్రావు గారు, సంతకానికి సిద్ధంగా ఎంపిక పత్రం. హైమవతి గారి కోసం మూడు కుర్చీలు వేసి మూడు పేర్లు పెట్టారు. ఆవిడ మధ్య కుర్చీలో కూర్చుని, మిగతా రెండింటి మీదా హ్యాండ్‌బ్యాగూ గొడుగూ పెట్టుకున్నారు. వీర్రాజుని దండ వేసి ముందు వరుసలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. నేను వాడి పక్కన.

కూర్మారావు గారు ప్రసంగం మొదలుపెట్టారు. స్వేచ్ఛ పుట్టుపూర్వోత్తరాల నుంచి ఎత్తుకున్నారు. ప్రజాస్వామిక వైద్యసేవల విస్తృత పరిధిలో ఎంపిక యొక్క ఆవశ్యకత అనే చోటికి వచ్చేసరికి నా భుజం మీద ఏదో బరువు పడింది. చూస్తే వీర్రాజు తల.

నేను భుజం కదపకుండా వాడి కుడికాలి వైపు చూశాను. ఇప్పుడు తొక్కుతుంది, ఇప్పుడు తొక్కుతుంది అనుకున్నాను. పావుగంట చూశాను. అరగంట చూశాను. కూర్మారావు గారు ఆవశ్యకత నుంచి అనివార్యతకి వెళ్లారు. కాలు కదల్లేదు. చెప్పు జారిపోయి, బొటనవేలు గడ్డిలో హాయిగా ఉంది. వాడి నోట్లోంచి నా చొక్కా మీద సన్నగా చొంగ కారుతోంది. పెళ్లికి కుట్టించిన చొక్కా. నా జన్మలో ఏ సన్మానానికీ అంత సంతోషపడలేదు.

గంటంబావుకి ప్రసంగం ఒక మలుపు తిరిగింది. ఇక మన తొలి ఎంపికదారు వేదిక మీదికి వచ్చి సంతకం చేస్తారని కూర్మారావు గారు ప్రకటించారు. చప్పట్లు కొట్టబోయిన వాళ్లకి నేను చెయ్యి అడ్డం పెట్టాను. సంతకం లేకపోతే ఎంపిక చెల్లదనీ, మనిషిని లేపమనీ కూర్మారావు గారు మైకులోనే అటెండరుకి ఆదేశించారు. నిద్రలో ఉన్న మనిషి స్వస్థచిత్తుడు అవుతాడా కాడా అని గున్నేశ్వర్రావు గారు ఒక సందేహం లేవదీశారు. అటెండరు మా వైపు వచ్చాడు.

హైమవతి గారు గడియారం చూసుకుని లేచి నిలబడ్డారు.

"లేపకండి," అన్నారు.

పెద్ద అధికారి ముందు తన ఆదేశానికి అడ్డు వచ్చిందని కూర్మారావు గారికి చిన్నతనమైంది. ఫైలు తెరిచి, కాస్త గట్టిగానే అడిగారు.

"ఈ మాట తాము ఏ హైమవతి గారి హోదాలో చెబుతున్నారు?"

ఆవిడ ముందు ముఖం గంటు పెట్టుకున్నారు. తర్వాత కళ్లజోడు తగిలించుకున్నారు. తర్వాత అది తీసేసి, వీర్రాజు వైపు చూసి, ఏ సర్క్యులరూ చెప్పకుండానే నవ్వారు.

"ముగ్గురమూ చెబుతున్నామండి."

ముగ్గురు నిపుణులు ఏకాభిప్రాయం చెబితే దాన్ని కాదనే అధికారం సూపరింటెండెంటుకి లేదు. నిబంధన ఆయన రాసిందే. మిగతా ప్రసంగం ఆయన గుసగుసగా చదివారు. పెద్ద అధికారి మునివేళ్ల మీద నడిచి కారెక్కారు. షామియానా వాళ్లు వచ్చి చుట్టూ ఉన్న కుర్చీలన్నీ చప్పుడు కాకుండా ఎత్తేసి, మా రెండూ వదిలేశారు. హైమవతి గారు మెట్ల మీద కూర్చుని, గొడుగు ఒళ్లో పెట్టుకుని, డిపో మేనేజరుకి ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. కింద ఎవరు సంతకం చేయాలో నన్నడిగితే, ముగ్గురూ చేస్తే మంచిదన్నాను.

మూడు గంటలకి వీర్రాజు ఒక కన్ను కొంచెం తెరిచాడు. ఎక్కడున్నాడో వాడికి తెలియలేదు.

"మన స్టాపు వచ్చిందా బావా? దిగాలా?" అన్నాడు.

"ఇంకా రాలేదు, పడుకోరా," అన్నాను.